లినక్స్ తొలిమెట్టు: నూతనాభ్యాసకుని దృష్టితో నొక పరిశీలనము

లినక్స్ చరిత్రను వ్రాసినవారు పెక్కురు కలరు. వారిలో అధికసంఖ్యాకులు దానిని నిర్మాతల చరిత్రముగనే భావించిరి. కాని దానిని మొదటిసారి తన యంత్రమున నిలుపుకొనవలసిన నూతనాభ్యాసకుని మాట యేమి? అతడెట్లారంభించెను? అతనికి త్రోవ చూపినదెవరు? ఈ ప్రశ్నలను పురస్కరించుకొని 1991 మొదలు 2004 వఱకు గల కాలమును స్థూలముగ పరిశీలింప దలచినారము. ఆ త్రోవ సుగమమగుటకు యంత్రముల యభివృద్ధి యెంత కారణమో, ప్రతిని తీసికొనుటకును పంచుటకును గల హక్కు అంతకంటె నెక్కువ కారణమని మా యభిప్రాయము.

దీనికి పూర్వరంగము యూనిక్స్. 1969లో అమెరికాయందలి బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిట్చీ మున్నగువారు దీని నిర్మాణమున కుపక్రమించిరి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయమున జాన్ లయన్స్ అను నాచార్యుడు దాని యాఱవ కూర్పు మూలపాఠమునకు విద్యార్థులకొఱకు వ్యాఖ్యానము రచించెను. 1979లో వెలువడిన యేడవ కూర్పు షరతులు మూలపాఠమును తరగతిలో బోధించుటను నిషేధించినవి. తత్ఫలితముగా నా వ్యాఖ్యానము మన తాళపత్ర గ్రంథములవలె ప్రతికి ప్రతిగా చేతులు మారెను. అది బహిరంగముగ అచ్చయినది 1996లో మాత్రమే. మూలము నిషిద్ధమైన పిమ్మట బోధనార్థమై ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆచార్యుడు ఆండ్రూ టానెన్‌బామ్ 1987లో మినిక్స్ అను చిన్న వ్యవస్థను స్వయముగ నిర్మించెను. పాఠము మూతపడినచో విద్యార్థికి మెట్టే లేదనుట కిది నిదర్శనము.

హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తన ప్రయత్నమును 25 ఆగస్టు 1991న ప్రకటించెను. సెప్టెంబరులో వెలువడిన 0.01 కూర్పు స్వతంత్రముగ నిలువజాలనిది. దానిని సిద్ధపఱచుకొనుటకు మినిక్స్ ఉండవలెను. ఆనాటి నూతనాభ్యాసకుడు నిజమునకు ప్రవీణుడే కావలసియుండెను. నిర్మాత సైతము పొరపాటుల కతీతుడు కాడు. మోడెమునకు పంపవలసిన యాజ్ఞలను పొరపాటున తన హార్డ్ డిస్కునకే పంపి మినిక్స్ భాగమును పోగొట్టుకొంటినని ఆయన 2001లో ప్రకటించిన ఆత్మకథలో చెప్పుకొనియున్నాడు. మినిక్స్‌ను మరల స్థాపింపక లినక్స్‌నే పూర్తిగ నాశ్రయించుటకు ఆ ప్రమాదము హేతువయ్యెను.

ఇట నొక విషయము గమనింపదగినది. లినక్స్ మొదటి షరతులు దానిని ధనము తీసికొని యిచ్చుటను నిషేధించినవి. ఉద్దేశము మంచిదే. కాని నెట్‌వర్కు సౌకర్యము లేనివానికి ఫ్లాపీలపై ప్రతి నెక్కించి యిచ్చువాడు ఫ్లాపీ వెలయైనను తీసికొనరాదన్నచో, ఆ పని చేయువారెవరు? 1992లో టోర్వాల్డ్స్ ఈ షరతును విడిచి, రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ఉద్యమమునకు చెందిన జీపీఎల్ అనుమతిపత్రమును స్వీకరించెను. ప్రతిని అమ్మవచ్చును, కాని పొందినవానికి మూలపాఠమును, మరల పంచు హక్కును ఈయక తప్పదు. నూతనాభ్యాసకుని చరిత్రలో ముఖ్యఘట్టమిదియే యని మా తలంపు.

ఫలితము శీఘ్రముగనే కానవచ్చెను. 1992లోనే ఎస్‌ఎల్‌ఎస్ అను సంకలనము వెలువడెను. దానిని సంస్కరించి పాట్రిక్ వోల్కర్డింగ్ 1993 జులైలో స్లాక్‌వేర్‌ను ప్రకటించెను. మరుసటి నెలలోనే ఇయన్ మర్డాక్ డెబియన్‌ను ప్రకటించెను. మాట్ వెల్ష్ రచించిన ‘లినక్స్ ఇన్‌స్టలేషన్ అండ్ గెటింగ్ స్టార్టెడ్’ అను గ్రంథము ఈ కాలముదే. అదియు స్వేచ్ఛగ పంచుకొనదగినదే. మన దేశమున 1990ల యుత్తరార్ధమున పీసీక్వెస్ట్ పత్రిక లినక్స్ సీడీలను తన సంచికలతో పాఠకుల కందించెను. నెట్‌వర్కు అందని యూళ్లకు సయితము పత్రిక చేరుచుండెను. మునుపటి షరతే నిలిచియున్నచో వెలగల పత్రికతో నా సీడీ వచ్చుటకు వీలు కలిగెడిదా?

ఈ సౌలభ్యమునకు బొమ్మల తెరలే కారణమని కొంద ఱనవచ్చును. 1996లో కేడీఈ, 1997లో గ్నోమ్ ఆరంభమైన మాట నిజము. అయితే కేడీఈ కాధారమైన క్యూటీ అప్పటికి పూర్ణస్వేచ్ఛ కలది కాదను నాక్షేపణమే గ్నోమ్ పుట్టుటకు ప్రధానహేతువు. కావున నీ యుదాహరణము మా వాదమునే బలపఱచుచున్నది. 2000లో క్లాస్ క్నాపర్ ప్రకటించిన క్నాపిక్స్, హార్డ్ డిస్కును ముట్టకయే సీడీనుండి వ్యవస్థను నడపుట సాధ్యమని చూపి నూతనాభ్యాసకుని భయమును పోగొట్టెను. అది డెబియన్‌పై నిర్మితము. 2004 అక్టోబరులో వెలువడిన ఉబుంటూయు నట్టిదే. దాని సీడీలు కోరినవారికి 2011 వఱకు తపాలాలో నుచితముగ వచ్చెను.

తెలుగువారమైన మన కిందు ప్రత్యేకసంబంధము కలదు. ఇంగ్లీషున ‘ఫ్రీ’ యను నొకే పదము ఉచితమును, స్వేచ్ఛను రెంటిని చెప్పి సందేహము కలిగించును. మనకు రెండు మాటలు వేఱుగ నున్నవి. హైదరాబాదు కేంద్రముగ పనిచేయు ‘స్వేచ్ఛ’ సంస్థ యీ రెండవ మాటనే తన పేరుగ గ్రహించి లినక్స్‌ను తెలుగున నందించుటకు కృషి చేసినది. లినక్స్ పుట్టిన 1991లోనే యూనికోడ్ మొదటి కూర్పున తెలుగు లిపికి స్థానము లభించినది. అయినను మన సిద్ధాంతగ్రంథములు కొన్ని చిరకాలము యూనికోడ్‌కు వెలుపలి ఖతులలోనే కూర్పబడినవి. ఆ ఖతి లేని యంత్రమున నవి అక్షరముల చెత్తగ కానవచ్చుట పరిశోధకుల కనుభవైకవేద్యము. తాటాకును చెదపురుగు తినుటకును, మన పాఠము పరుల ఖతిలో బందీయగుటకును భేదమేమి?

ప్రతులను సేకరించుట, పాఠమును పరిష్కరించుట, పదిమందికి పంచుట మన శాఖకు క్రొత్త పనులు కావు. లినక్స్ తొలిమెట్టును కట్టినది నీ మూడు పనులే. నేటి పరిశోధక విద్యార్థి ఆ మెట్టెక్కుటకు చిరుపుస్తక మొకటి, చక్కని తెలుగున, ప్రతి తీసికొను హక్కుతో మన చేతులమీదుగ వెలువడుట ఉచితము.