పందెం దారి విడిచిన పడవ

1988 సెప్టెంబరు 24. సియోల్ ఒలింపిక్స్‌లో తెరచాప పడవల పోటీలు పుసాన్ తీరంలో జరుగుతున్నాయి. పందెం సాగుతుండగానే గాలి రేగింది. 35 నాట్లు, అంటే గంటకు దాదాపు 65 కిలోమీటర్లు. అలలు మనిషెత్తున లేస్తున్నాయి.

ఫిన్ తరగతి పడవ పొడవు నాలుగున్నర మీటర్లు. ఒకే తెరచాప, ఒకే మనిషి. తాడు లాగేదీ చుక్కాని పట్టేదీ అతనే. పడవ ఒరిగిపోతుంటే అంచు మీద కూర్చుని, వెనక్కి వాలి, ఒంటి బరువంతా వేసి నిలబెట్టేదీ అతనే. కెనడా నావికుడు లారెన్స్ లెమ్యూ ఆ పనిలో ఆరితేరినవాడు. ఏడు పందేల్లో ఇది అయిదోది. సగం దూరానికి చేరువయ్యేసరికి రెండో స్థానంలో ఉన్నాడు.

పక్కనే, ఇద్దరు నడిపే 470 తరగతి పడవల పోటీ జరిగే నీళ్లలో ఓ పడవ బోల్తాపడి కనిపించింది. సింగపూర్ జట్టుది. జోసెఫ్ చాన్, సియూ షా హర్ ఇద్దరూ నీళ్లలో ఉన్నారు. గాయాలు కూడా అయ్యాయి.

లెమ్యూ చుక్కాని తిప్పాడు.

ఆ గాలిలో మనిషి పక్కన పడవ ఆపడం ఎంత కష్టమో నావికులకు తెలుసు. తాడు వదిలితే తెరచాప కొట్టుకుంటుంది, పడవ మాట వినదు. నీళ్లలోని మనిషిని పైకి లాగితే ఆ బరువుకు ఒకవైపు ఒరిగి తానూ బోల్తా పడొచ్చు. అయినా ఇద్దరినీ పడవలోకి చేర్చాడు. గస్తీ పడవ వచ్చేదాకా ఆగాడు. వాళ్లను అప్పగించి, తాడు బిగించి మళ్లీ పందెంలో దిగాడు. గీత దాటేసరికి సుమారు ఇరవై పడవలు ముందే చేరిపోయాయి.

అది అతని మంచితనమే. కానీ ఒక్క మంచితనమే అనుకుంటే పొరపాటు. ఈ క్రీడ నిబంధనల పుస్తకంలో నేటికీ మొట్టమొదటి నిబంధన అదే: ఆపదలో ఉన్నవారికి చేతనైన సాయమంతా చేయాలి. హుస్సేన్‌సాగర్‌లో ఆప్టిమిస్ట్ అనే బుల్లి పడవలు నడిపే పిల్లలకూ అదే పుస్తకం. నీళ్ల మీద విజిల్ ఊదే రిఫరీ సాధారణంగా ఉండడు. ఎదుటి పడవ దారికి అడ్డొచ్చి తప్పు చేస్తే తామే ఒప్పుకుని, పడవను రెండు చుట్లు తిప్పి, ఆ ఆలస్యం భరించి ముందుకు సాగాలి. పదేళ్ల వయసులో వందసార్లు అలా తిరిగిన చెయ్యి పెద్దయ్యాక ఎటు తిరుగుతుందో వేరే చెప్పాలా?

విచిత్రం ఏమిటంటే, లెమ్యూ చుక్కాని తిప్పిన రోజే సియోల్‌లో మరో కెనడా వీరుడు బెన్ జాన్సన్ వంద మీటర్లు 9.79 సెకన్లలో పరుగెత్తాడు. లోకం కళ్లన్నీ అటే. మూడు రోజులకు నిషేధిత మందు వాడాడని తేలి పతకం లాగేసుకున్నారు.

పుసాన్ పడవ పోటీల జ్యూరీ చేసిన పనిని నేను లెమ్యూ సాహసం కన్నా తక్కువగా చూడను. సాయానికి వెళ్లే వేళకు అతను ఏ స్థానంలో ఉన్నాడో ఆ రెండో స్థానాన్నే ఆ పందెంలో అతనికి ఇచ్చారు. అది దయ కాదు. సాయం చేసి నష్టపోయినవాడికి దక్కాల్సింది ఇప్పించే వీలు ఆ నిబంధనల్లోనే ఉంది. మనం పిల్లలకు పరోపకారం మీద వ్యాసాలు రాయిస్తాం. ఇంటర్ పరీక్షల దగ్గర మాత్రం నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వని నిబంధన ఏళ్ల తరబడి నడిపాం. దారిలో ప్రమాదం చూసి ఆగిన కుర్రాడు గేటు దగ్గర ఏ జ్యూరీకి మొరపెట్టుకోవాలి?

పుసాన్‌లో ఏడు పందేలూ ముగిశాక ఫిన్ స్వర్ణం స్పెయిన్ నావికుడు హోసే లూయిస్ డోరెస్టే గెలిచాడు. లెమ్యూది మొత్తం మీద 11వ స్థానం. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అప్పటి అధ్యక్షుడు సమరాంచ్ అతనికి క్రీడాస్ఫూర్తికి ఇచ్చే పియర్ ద కూబర్తాఁ పతకం ఇచ్చాడు. తర్వాత లెమ్యూ సెయిలింగ్ కోచ్ అయ్యాడు.