దూరాన్ని బట్టి గురి: రైఫిలు టెలిస్కోపు సవరణ – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
రైఫిలుకు టెలిస్కోపు బిగించినంత మాత్రాన గురి కుదరదు. తూటా నడిచే వక్రరేఖ, చూపు సాగే సరళరేఖ నిర్ణీత దూరంలో కలిసేలా దాన్ని సవరించవలసి ఉంటుంది. ఈ సవరణ పద్ధతి పంతొమ్మిదో శతాబ్ది మధ్యభాగం నుంచి 1963 వరకు ఎలా మారిందో, దాన్ని ఉపేక్షించినప్పుడు ఏం జరిగిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: రైఫిలు, టెలిస్కోపు, గురి సవరణ, దూరం అంచనా, మొదటి ప్రపంచ యుద్ధం.

1. ప్రవేశిక:
గొట్టం వీడిన క్షణం నుంచే తూటా భూమ్యాకర్షణకు లోనవుతుంది. గాలి నిరోధం దాని వేగాన్ని తగ్గిస్తుంది. చూపు మాత్రం తిన్నగా సాగుతుంది. అందుచేత గొట్టం చూపురేఖకంటే కొద్దిగా పైకి ఉండేలా గురిని అమరుస్తారు. తూటా చూపురేఖను దగ్గరలో ఒకసారి దాటి పైకి లేచి, దూరాన మరొకసారి దాటుతూ కిందికి దిగుతుంది. ఆ రెండో ఖండన బిందువును కోరిన దూరంలో నిలపడమే గురి సవరణ. సైనిక వ్యవహారంలో దీన్ని ‘జీరోయింగ్’ అంటారు. 100 గజాలకు సరిచేసిన గురితో 400 గజాల లక్ష్యాన్ని కొడితే తూటా దాని కిందుగా పోతుంది. 400కు సరిచేసి 200 గజాల లక్ష్యాన్ని కొడితే పైగా పోతుంది.

గాలి నిరోధం ఎంత ప్రబలమైనదో ప్రయోగపూర్వకంగా నిరూపించినవాడు ఆంగ్ల గణితజ్ఞుడు బెంజమిన్ రాబిన్స్. 1742లో తుపాకీ శాస్త్రంపై గ్రంథం వెలువరించిన ఈయన, తరువాత ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో మరణించాడు.

2. మెట్ల గురి నుంచి టెలిస్కోపుకు:
1857 తిరుగుబాటుకు ముందరి తూటా పొట్లాల వివాదం వల్ల 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిలు భారతదేశ చరిత్ర చదివినవారికి పరిచితమే. దాని వెనుక గురికి 400 గజాల వరకు మెట్లు, అంతకుమించిన దూరాలకు నిచ్చెనలా నిలబెట్టే పలక ఉండేవి. లక్ష్యం ఎంత దూరాన ఉందో తేల్చుకోవలసినవాడు సైనికుడే. ఇంగ్లండులోని హైత్‌లో 1853లో స్థాపితమైన మస్కెట్రీ పాఠశాల కంటితో దూరాన్ని అంచనా వేయడాన్ని శిక్షణలో భాగం చేసింది.

అమెరికాలో జాన్ చాప్‌మన్ తన గ్రంథంలో టెలిస్కోపు గురిని వివరించాడు. యుటికా పట్టణానికి చెందిన మోర్గాన్ జేమ్స్ అటువంటి టెలిస్కోపులను తయారుచేశాడు. గొట్టమంత పొడవుండే ఆ టెలిస్కోపులో దూరాన్ని మార్చాలంటే మొత్తం నాళాన్నే మరతో కదపవలసి వచ్చేది.

1860లో వింబుల్డన్ పోటీల ప్రారంభోత్సవంలో విక్టోరియా రాణి తాడు లాగగా, స్టాండుకు బిగించిన విట్‌వర్త్ రైఫిలు 400 గజాల లక్ష్యాన్ని కేంద్రానికి అతి సమీపంలో కొట్టింది. రాణి గురి చూడలేదు. గురి ముందే సరిచేసి ఉంది. దూరం తెలిసి, స్టాండు కదలనప్పుడు రైఫిలు ఎంత కచ్చితంగా కొట్టగలదో ఈ ఘటన చాటింది. యుద్ధరంగంలో ఈ రెండూ లభించవు.

3. కందకాల్లో తప్పిన గురి:
మొదటి ప్రపంచ యుద్ధారంభంలో జర్మనీ వేటగాళ్ల టెలిస్కోపు రైఫిళ్లను సేకరించి సైన్యానికి ఇచ్చింది. వాటిలో అనేకం పాత 88 నమూనా తూటాకు సరిచేసినవి. మొనదేలిన కొత్త తూటాను వాడవద్దన్న హెచ్చరికను ఆ రైఫిళ్లపై బిగించవలసి వచ్చింది. బ్రిటన్‌లోనూ 1910లో 174 గ్రెయిన్ల మార్క్ 7 తూటా వచ్చినప్పుడు వెనుక గురి అంకెలు మార్చారు. టెలిస్కోపుపై చెక్కిన దూరం ఒక తూటాకు మాత్రమే నిజమని ఈ రెండు ఉదాహరణలు తెలుపుతున్నాయి.

రచయిత, క్రికెటర్, వేటగాడు అయిన హెస్కెత్-ప్రిచర్డ్ 1915లో ఫ్రాన్సు యుద్ధరంగంలో బ్రిటిష్ టెలిస్కోపు రైఫిళ్లను పరీక్షించినప్పుడు అధికభాగం గురి తప్పి ఉన్నాయి. వాటిని వాడుతున్నవారికి ఆ సంగతి తెలియదు. రైఫిళ్లు కందకంతోపాటు ఒక దళం నుంచి మరో దళానికి చేతులు మారేవి. ఎవరు, ఏ దూరానికి, ఎప్పుడు సరిచేశారో చెప్పేవారు ఉండేవారు కారు. పైగా తూటాలు పైనుంచి నింపడానికి వీలుగా టెలిస్కోపును ఎడమవైపు అమర్చడంతో, ఇరుకైన కన్నాల నుంచి చూడటం కష్టమయ్యేది.

తప్పు గురికి రెండు ఫలితాలు. ఎదుటివాడు తప్పించుకుంటాడు, కాల్చినవాడు తన చోటును తానే బయటపెట్టుకుంటాడు. లోపం ఎక్కడుందో తెలియక అతడు తన చేతినే అనుమానిస్తాడు. 1916లో ఫ్రాన్సులోని లింగెమ్‌లో హెస్కెత్-ప్రిచర్డ్ నెలకొల్పిన స్నైపింగ్ పాఠశాల ఈ లోపానికి సమాధానం. ఎవరి రైఫిలును వారే పరీక్షించి, సరిచేసుకొని, కాపాడుకోవాలన్నది అక్కడి బోధనలో ముఖ్యాంశం. ఆ అనుభవాలను ఆయన 1920లో గ్రంథస్థం చేశాడు.

4. దూరం కొలిచే గాజు:
తరువాతి కాలంలో సవరణ టెలిస్కోపు లోపలికి చేరింది. సోవియట్ పియు టెలిస్కోపు మీద 1300 మీటర్ల వరకు అంకెలున్న చక్రం ఉండేది. దూరం తెలిస్తే అంకె తిప్పితే చాలు. దూరాన్ని అంచనా కట్టే పని మాత్రం ఇంకా కంటిదే.

1963లో సోవియట్ సైన్యం స్వీకరించిన డ్రగునోవ్ రైఫిలుకు అమర్చిన పిఎస్ఓ-1 ఆ పనినీ గాజుపైకి ఎక్కించింది. 1.7 మీటర్ల ఎత్తు మనిషి ఏ దూరంలో ఎంత కనిపిస్తాడో చూపే వంపు గీత అందులో ఉంది. లక్ష్యం పాదాలను కింది గీతపై నిలిపి, తల ఏ అంకె దగ్గర వంపును తాకుతుందో చూస్తే దూరం తెలుస్తుంది. హైత్‌లో కంటికి నేర్పిన విద్య ఈ విధంగా గాజుపై గీత అయింది. ఆ గీతకు కొలబద్ద ఎదుట నిలిచిన మనిషి నిలువెత్తే.

5. ముగింపు:
మెట్ల గురి, మర, చక్రం, గాజుపై గీత అనే క్రమంలో దూరాన్ని గురించిన జ్ఞానం సైనికుడి అనుభవం నుంచి పరికరంలోకి మారుతూ వచ్చింది. తూటా మారినా, అమరిక కదిలినా పరికరంపై అంకె మాత్రం మారదు. ఆ అంకె నిజమో కాదో తేల్చేది మళ్లీ కాల్చి చూసే మనిషే. పరికరం మెరుగైనకొద్దీ ఈ పరీక్ష అనవసరమనే భ్రమ పెరుగుతుందని, ఆ భ్రమకు మూల్యం ప్రాణాలేనని 1915 నాటి కందకాల అనుభవం నిరూపిస్తున్నది.