మిరప నేలల్లో యువత మానసిక ఆరోగ్యం: ముందుజాగ్రత్తల చరిత్ర

తెలుగునాట పాతతరం నోట పురుగుమందుకు మారుపేరు ‘ఎండ్రిన్’. దాన్ని 1990లో నిషేధించినా పేరు మాత్రం మిగిలిపోయింది. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో కుర్రకారు మనసు గోడు కథను ఆసుపత్రి నుంచి కాక, ఆ మందు డబ్బా నుంచి మొదలుపెట్టడమే సబబు.

1987-88లో ఇక్కడి నల్లరేగడి పత్తిని తెల్లదోమ ఊడ్చేసింది. మందు మీద మందు కొట్టినకొద్దీ దోమ రేగింది, అప్పూ పెరిగింది. రైతుల ఆత్మహత్యలు పత్రికలకెక్కాయి. చర్చంతా రుణాల చుట్టూ, పరిహారం చుట్టూ తిరిగింది గానీ, ఆ ఇళ్లలో బడికెళ్లే పిల్లల ఊసు దాదాపు రాలేదు.

పత్తికైనా మిరపకైనా కొట్టగా మిగిలిన మందు ఇంటికే చేరుతుంది: అటక మీదికి, గొడ్ల చావిట్లోకి, ఒక్కోసారి మంచం కిందికి. కోపమో అవమానమో కమ్ముకున్న కాసేపట్లో అది అందుబాటులో ఉండటమే అసలు ప్రమాదం. దేశంలో ఆత్మహత్యల మృతుల్లో మగవారిలో 40 శాతం, ఆడవారిలో 56 శాతం 15-29 ఏళ్లవారేనని 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. దాదాపు సగం మరణాలకు కారణం విషం, అందులోనూ ఎక్కువగా పురుగుమందులే. శ్రీలంక 1995 నుంచి ప్రమాదకరమైన మందులను వరసగా నిషేధిస్తూ, రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటును సుమారు 70 శాతం తగ్గించుకుంది. మన దగ్గర మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు 36 శాతం ద్రావణానికి చెల్లుచీటీ రాసే ఉత్తర్వు 2023లో గానీ రాలేదు.

వైద్యం వైపు నడక మరీ నిదానం. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. తెలుగువాళ్లు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉండే బళ్లారి జిల్లాలో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ప్రయోగం చేశాక, 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి తొలి విడతలో ఎంపికైన నాలుగు జిల్లాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి మెదక్ ఉంది. మానసిక సమస్యల్లో సగం 18 ఏళ్లలోపే తలెత్తుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే కనిపెట్టాల్సింది బడిలోనే.

మిర్చి డబ్బు హాస్టల్ ఫీజుగా మారాక ఒత్తిడి చేలోంచి ఇంటర్ తరగతిలోకి వచ్చింది. ఫలితాలొచ్చిన కొన్ని వారాలకే పెట్టే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీని ఎవరూ మానసిక వైద్యం అనరు. కానీ ‘ఏడాది పోయింది’ అనే మాటను తప్పించడం చిన్న మేలు కాదు. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణంపై తండ్రి వేసిన కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి సెక్షన్లు విడదీయడం, నలుగురిలో పరువు తీయడం మానాలని, వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కౌన్సెలర్ ఉండాలని చెప్పింది.

2022 అక్టోబరు 10న మొదలైన మానసిక సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళ ఫోన్ చేసినా డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.