లోపెరమైడ్ (పేగు శస్త్రచికిత్స అనంతర వాడకం)

లోపెరమైడ్ అనునది విరేచనాలను తగ్గించడానికి వాడే ఒక ఔషధము. ప్రయాణంలోనో, విందు భోజనం చేసిన మరునాడో కడుపు పాడైనప్పుడు ఒకటి రెండు మాత్రలు వేసుకునే మందుగానే ఇది చాలామందికి పరిచయం. కాని పేగులో కొంత భాగాన్ని శస్త్రచికిత్స ద్వారా తొలగించుకున్న రోగులలో కొందరు దీనిని నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు జీవితాంతం ప్రతిదినం వాడవలసి ఉంటుంది. ఈ రెండు వాడకాలకూ మోతాదులోను, నియమాలలోను, ప్రమాదాలలోను చాలా తేడా ఉన్నది. ఈ వ్యాసం ముఖ్యంగా రెండవదానికి సంబంధించినది.

చరిత్ర

నల్లమందు మలబద్ధకం కలిగిస్తుందనే సంగతి పూర్వకాలం నుండి వైద్యులకు తెలిసినదే. మత్తును విడదీసి ఆ గుణాన్ని మాత్రమే మందుగా మలచడం ఇరవయ్యవ శతాబ్దంలో సాధ్యమైంది. బెల్జియం దేశంలో పాల్ యాన్సెన్ నెలకొల్పిన యాన్సెన్ ఫార్మస్యూటికా సంస్థ 1956లో డైఫినాక్సిలేట్‌ను, 1969లో లోపెరమైడ్‌ను తయారుచేసింది. 1973లో లోపెరమైడ్ ఇమోడియం అనే పేరుతో అమ్మకానికి వచ్చింది. అమెరికాలో దీనికి 1976లో అనుమతి లభించింది. 1988 నుండి అక్కడ వైద్యుని చీటీ లేకుండానే దొరుకుతున్నది. సాధారణంగా ఒక్కొక్క మాత్రలో లేక గొట్టంలో 2 మి.గ్రా. మందు ఉంటుంది.

పనిచేసే విధానం

పేగు గోడలోని కండరాల పొరల నడుమ నాడుల అల్లిక ఒకటి ఉంటుంది. ఆహారాన్ని ముందుకు నెట్టే అలలవంటి కదలికలను నియంత్రించేది ఇదే. లోపెరమైడ్ ఈ అల్లికలోని మ్యూ ఓపియాయిడ్ గ్రాహకాలకు అంటుకొని కదలికలను మందగింపజేస్తుంది. పేగులోని పదార్థం ఎక్కువసేపు నిలిచి ఉండడం వలన నీరు, లవణాలు రక్తంలోనికి పీల్చబడడానికి వ్యవధి దొరుకుతుంది. మలద్వారపు కండరం బిగువును కూడా ఇది కొంత పెంచుతుంది.

రసాయనికంగా ఇది నల్లమందు కుటుంబానికి దగ్గరదే అయినా సాధారణ మోతాదులో మత్తు కలిగించదు. రక్తంలోనికి చేరిన కొద్దిపాటి మందులో చాలా భాగాన్ని కాలేయం విచ్ఛిన్నం చేస్తుంది. మిగిలినది మెదడులోనికి ప్రవేశించకుండా పి-గ్లైకోప్రోటీన్ అనే మాంసకృత్తు కాపలావానివలె బయటకు తోసివేస్తుంది. దీర్ఘకాలం వాడే సందర్భాలలో కొడీన్ కంటె లోపెరమైడ్‌ను ముందు ఎంచుకోవడానికి కారణం ఇదే. కొడీన్ మగతను, అలవాటును కలిగించగలదు.

శస్త్రచికిత్స తరువాత విరేచనాలు ఎందుకు?

మనం తాగే నీరు, లాలాజలం, జఠర రసం, పైత్యరసం మొదలైనవన్నీ కలిపి రోజుకు సుమారు 8 లేక 9 లీటర్ల ద్రవం చిన్నపేగులోనికి వస్తుంది. అందులో లీటరున్నర మాత్రమే పెద్దపేగుకు చేరుతుంది. మలంతో పోయేది 100 నుండి 200 మి.లీ. మాత్రమే. కాబట్టి ఏ భాగాన్ని తొలగించారనే దానిని బట్టి ఫలితం మారుతుంది. "పేగు తీశారు, అందుకే విరేచనాలు" అని ఒకే మాటలో తేల్చివేయడం వలన చికిత్స దారి తప్పుతుంది.

ఇలియం అని పిలిచే చిన్నపేగు చివరి భాగాన్ని తొలగించినప్పుడు పైత్యరస లవణాలు తిరిగి రక్తంలోనికి పీల్చబడక, పెద్దపేగులోనికి జారి, అక్కడ నీటిని ఊరింపజేస్తాయి. భారతదేశంలో పేగుల క్షయ, టైఫాయిడ్ వలన పేగుకు రంధ్రం పడడం, క్రోన్స్ వ్యాధి మొదలైన కారణాల వలన ఈ భాగాన్ని తొలగించవలసి వస్తూ ఉంటుంది. ఇటువంటి వారికి లోపెరమైడ్ కంటె పైత్యరస లవణాలను పట్టి ఉంచే కొలెస్టిరమిన్ పొడి మేలు చేయవచ్చును. అయితే తీసివేసిన ఇలియం పొడవు సుమారు 100 సెం.మీ. దాటితే శరీరంలో పైత్యరస లవణాలకే కొరత ఏర్పడి, కొవ్వు అరగక, అదే కొలెస్టిరమిన్ వలన పరిస్థితి మరింత విషమించవచ్చును. ఇలియం చివరి భాగం లేనివారికి బి12 విటమిన్ సూదిమందు కూడా అవసరమవుతుంది.

పెద్దపేగును పూర్తిగా తొలగించి, చిన్నపేగు చివరను పొట్ట గోడపై తెరచి ఉంచడాన్ని ఇలియోస్టమీ అంటారు. అల్సరేటివ్ కొలైటిస్ రోగులలో చిన్నపేగు చివరతోనే ఒక సంచిని తయారుచేసి మలద్వారానికి కలిపే పద్ధతిని లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి వైద్యులు పార్క్స్, నికల్స్ 1978లో ప్రచురించారు. ఈ సంచి ఉన్నవారికి అంతా సవ్యంగా ఉన్నా రోజుకు నాలుగు నుండి ఎనిమిది సార్లు విరేచనం కావడం మామూలే. పురీషనాళంలో కొంత భాగాన్ని తొలగించినవారికి ద్రవం కంటె ఆపుకోలేకపోవడమే పెద్ద బాధ. బస్సు ప్రయాణం చేయాలన్నా, పెళ్ళికి పోవాలన్నా మరుగుదొడ్డి ఎక్కడ ఉన్నదో ముందుగా వెతుక్కోవలసిన స్థితి ఇది. వీరికి బయలుదేరే ముందు ఒక మాత్ర ఎంతో స్వేచ్ఛనిస్తుంది.

దీర్ఘకాలిక వాడకం

భోజనానికి అరగంట నుండి గంట ముందు మాత్ర వేసుకోవడం ఉత్తమం. తిన్న తరువాత వేసుకుంటే, ఆహారం పేగును కదిలించిన పిమ్మట మందు వెనుక పరుగెత్తినట్లవుతుంది. రాత్రివేళ ఇబ్బంది ఉన్నవారికి పడుకునే ముందు ఇంకొక మోతాదు ఇస్తారు. వైద్యుని పర్యవేక్షణలో పెద్దలకు సాధారణ పరిమితి రోజుకు 16 మి.గ్రా.; స్వంతంగా కొనుక్కొని వాడేవారికి అమెరికాలో 8 మి.గ్రా. పరిమితి విధించారు. చిన్నపేగు బాగా పొట్టిగా మిగిలినవారిలో మందు కాలేయం ద్వారా తిరిగి పేగుకు చేరే చక్రం తెగిపోతుంది. గొట్టం కరిగేలోపే బయటకు పోవడం కూడా కద్దు. అందువలన నిపుణులు వీరికి 16 మి.గ్రా. కంటె ఎక్కువ ఇచ్చే సందర్భాలు ఉన్నవి. ఇది రోగి తనంతట తాను చేయవలసిన పని కాదు. స్టోమా సంచిలో గొట్టం చెక్కుచెదరకుండా కనబడితే, ఆ సంగతి వైద్యునికి చెప్పాలి. గొట్టాన్ని విప్పి పొడిని ఆహారంలో కలిపి ఇవ్వడం వలన ప్రయోజనం ఉండవచ్చును.

మందు మొదలుపెట్టే ముందు విరేచనాలకు వేరే కారణం లేదని నిర్ధారించుకోవాలి. కృత్రిమ సంచికి వాపు, పేగులో సూక్ష్మక్రిముల అతివృద్ధి, పేగుకు పాక్షికంగా అడ్డు పడడం, క్లాస్ట్రిడియం డిఫిసిల్ సోకడం వంటివాటిలో కదలికను ఆపివేయడం హానికరం. చిరకాలంగా ఒకే మోతాదుతో నెమ్మదిగా ఉన్న రోగికి హఠాత్తుగా విరేచనాలు పెరిగితే మాత్రలు పెంచుకొంటూ పోరాదు. జ్వరం, రక్తం, కడుపు ఉబ్బరం, స్టోమా నుండి ఏమీ రాకపోవడం ఉన్నప్పుడు మందు ఆపి ఆసుపత్రికి పోవాలి.

నీరు, ఉప్పు

ఇక్కడ చాలామంది పొరబడతారు. స్టోమా నుండి రోజుకు లీటరున్నర, రెండు లీటర్లకు పైగా ద్రవం పోతున్నవానికి దాహం వేస్తుంది, బంధువులు మంచినీళ్ళు తాగించుతారు. చిన్నపేగు పైభాగం మాత్రమే మిగిలినవారిలో, వట్టి నీరు తాగినకొద్దీ పేగు గోడ నుండి ఉప్పు ఆ నీటిలోనికి ఊరి, రెండూ కలిసి బయటకు పోతాయి. ఎంత తాగితే అంత ఎండిపోవడమన్న మాట. కాబట్టి వట్టి నీటిని మితం చేసి, సోడియం ఎక్కువగా ఉన్న ద్రావణాన్ని కొద్దికొద్దిగా తాగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పూర్వపు ద్రావణంలో లీటరుకు 90 మిల్లీమోల్స్ సోడియం ఉండేది. 2002లో దానిని 75కు తగ్గించారు. ఈ రోగులకు పాతదే ఎక్కువ అనుకూలం. కొబ్బరినీటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, ఒక్కదానినే నమ్ముకోరాదు. ఉప్పు వేసిన గంజి, మెత్తని అన్నం, అరటిపండు మలాన్ని గట్టిపరచడానికి తోడ్పడతాయి. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు, రక్తపోటు ఉన్నవారు ఉప్పు సంగతి వైద్యునితో తేల్చుకోవాలి.

గుండెకు ప్రమాదం

2016లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ లోపెరమైడ్ అతిమోతాదు వలన గుండె లయ తప్పి మరణాలు సంభవించవచ్చునని హెచ్చరించింది. మత్తు కోసం చాలా మాత్రలు మింగినవారే ఆ ఉదంతాలలో ఎక్కువ. 2019లో అక్కడ చీటీ లేకుండా అమ్మే పెట్టెలో మొత్తం 48 మి.గ్రా. మించరాదని పరిమితి వచ్చింది. వైద్యుడు చెప్పిన మోతాదులో వాడేవారు దీనికి భయపడి మందు మానివేయనవసరం లేదు.

అయితే వారు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటున్నది. స్టోమా నుండి ఎక్కువ ద్రవం పోయేవారిలో మెగ్నీషియం, పొటాషియం తగ్గుతాయి. ఇది కూడా అదే లయదోషానికి దారితీస్తుంది. దీనికి తోడు ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, ఇట్రకొనజోల్, క్వినిడిన్ వంటి మందులు రక్తంలో లోపెరమైడ్‌ను పెంచుతాయి. అందువలన పెద్ద మోతాదు వాడేవారికి అప్పుడప్పుడు రక్త పరీక్ష, గుండె విద్యుత్ రేఖాచిత్రం తీయడం అవసరం. దగ్గుకో, పంటి నొప్పికో వేరొక వైద్యుని వద్దకు పోయినప్పుడు ఈ మందు వాడుతున్నట్లు చెప్పాలి. స్పృహ తప్పడం, గుండె దడ కలిగితే ఆలస్యం చేయరాదు.

పిల్లలు

రెండు సంవత్సరాల లోపు పిల్లలకు ఇది ఇవ్వరాదు. పాకిస్తాన్‌లో చుక్కల మందు తాగిన పసిబిడ్డలలో పేగు చలనం పూర్తిగా స్తంభించిన ఉదంతాలు, మరణాలు 1990లో వెలుగులోనికి వచ్చిన తరువాత ఆ చుక్కల మందును కంపెనీ ఉపసంహరించుకొన్నది. ఇంట్లో పెద్దవారి కోసం నెలల సరిపడా మాత్రలు ఉంచుకొనే కుటుంబాలు వాటిని పిల్లలకు అందని చోట పెట్టాలి.

మోతాదు తగ్గించడం

మిగిలిన పేగు కాలక్రమాన కొంతవరకు సర్దుకొంటుంది. ఈ మార్పు శస్త్రచికిత్స తరువాత ఒకటి రెండు సంవత్సరాల వరకు సాగుతుంది. కనుక మొదటి నెలలో రాసిన మోతాదునే ఎల్లకాలం కొనసాగించక, వైద్యుని సలహాతో ఒక్కొక్క మాత్ర తగ్గించి చూస్తారు. తాత్కాలిక ఇలియోస్టమీని మూసివేసిన తరువాత కూడా ఇట్లాగే తగ్గిస్తారు.

లోపెరమైడ్ చాలనివారికి జఠర రసాన్ని తగ్గించే ఒమెప్రజోల్, సూదిమందుగా ఇచ్చే ఆక్ట్రియోటైడ్ జోడిస్తారు. పొట్టిపేగు రోగులకై అమెరికాలో 2012లో అనుమతి పొందిన టెడుగ్లుటైడ్ పేగు గోడనే పెంచుతుంది. కాని అది చాలా ఖరీదైనది.

వర్గాలు: ఔషధాలు, వైద్యశాస్త్రం, జీర్ణవ్యవస్థ