ఫ్లోరు (సినిమా స్టూడియో)

సినిమాలు, టెలివిజన్ కార్యక్రమాలు పైకప్పు క్రింద చిత్రీకరించడానికి స్టూడియోలలో నిర్మించే విశాలమైన కట్టడాన్ని తెలుగు సినీరంగంలో '''ఫ్లోరు''' అని వ్యవహరిస్తారు. ఇందులో కోట, న్యాయస్థానం, మధ్యతరగతి ఇల్లు వంటి సెట్లు వేసి, పని ముగిసిన పిమ్మట విప్పివేస్తారు.

== నిర్మాణం ==
మూకీల కాలంలో సూర్యకాంతి కోసం గాజు కప్పుల స్టూడియోలు కట్టేవారు. టాకీలు వచ్చిన తరువాత బయటి చప్పుడును ఆపడం ముఖ్యమై, కిటికీలు లేని మందపు గోడల కట్టడాలు వెలిశాయి. సెట్టుకు అడ్డు రాకుండా మధ్యలో స్తంభాలు ఉండవు. దీపాలను పైనుండి వ్రేలాడదీస్తారు. ఇంటి సెట్టుకు సాధారణంగా మూడు గోడలే ఉంటాయి, నాలుగవ వైపు కెమెరాది. చెక్క, ప్లైవుడ్, గుడ్డ, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ప్రధాన సామగ్రి కావడం వలన అగ్నిభయం ఎక్కువ. 2017 నవంబరులో హైదరాబాదు అన్నపూర్ణ స్టూడియో ఆవరణలో ''మనం'' చిత్రం సెట్టు కాలిపోయింది. తెలుగులో సంభాషణలను తరువాత డబ్బింగులో చేర్చే పద్ధతి స్థిరపడడంతో శబ్దనిరోధంపై పట్టుదల కొంత సడలిందనే చెప్పాలి.

== తెలుగునాట ==
తొలి తెలుగు టాకీ ''భక్త ప్రహ్లాద'' (1932) బొంబాయిలో తయారయింది. 1936లో నిడమర్తి సూరయ్య రాజమండ్రిలో దుర్గా సినీటోన్ నెలకొల్పినా, పరిశ్రమ మద్రాసులోనే స్థిరపడింది. అక్కడి వడపళనిలోని వాహినీ స్టూడియో ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు పొందింది. ఆ ఆవరణలో తరువాతి కాలంలో ఆసుపత్రి, వాణిజ్య సముదాయం వెలిశాయి.

హైదరాబాదు అమీర్‌పేటలోని సారథి స్టూడియోలో ''మా ఇంటి మహాలక్ష్మి'' (1959) నిర్మించారు. పూర్తిగా హైదరాబాదులో తయారైన తొలి తెలుగు చిత్రంగా దీనిని పేర్కొంటారు. అయితే ఫ్లోరు ఒక్కటీ ఉంటే చాలదు. నటులు, సాంకేతిక నిపుణులు, లాబొరేటరీలు మద్రాసులో ఉండడం వలన పరిశ్రమ తరలిరావడానికి దశాబ్దాలు పట్టింది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోను ప్రారంభించారు. నాచారంలో నందమూరి తారక రామారావు రామకృష్ణా స్టూడియోను స్థాపించారు. 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చింది.

== ఆరుబయలు పోటీ ==
బాపు ''సాక్షి'' (1967) చిత్రాన్ని గోదావరి తీరాన పులిదిండి గ్రామంలో తీసి, ఫ్లోరు లేకుండా సినిమా తీయవచ్చునని చూపారు. తేలికపాటి కెమెరాలు వచ్చిన కొద్దీ ఇళ్ళను, ఊళ్ళను అద్దెకు తీసుకొని చిత్రీకరించడం పెరిగి, ఫ్లోర్లకు గిరాకీ తగ్గింది.

వాటికి మళ్ళీ పని కల్పించినది చాలావరకు టెలివిజనే. ధారావాహికలు, ఆటల పోటీలు నెలల తరబడి ఒకే సెట్టును వాడుకొంటాయి. ''బిగ్ బాస్'' తెలుగు కార్యక్రమం ఇంటిని 2018లో రెండవ భాగం నుండి అన్నపూర్ణ స్టూడియోలో వేశారు.