గేరుపెట్టెకు కందెన

ఎడ్లబండి ఎరిగిన తరానికి కందెన అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో రంగరించి, గొట్టంలో నింపి బండికి వేలాడదీసుకునేవారు. దూరప్రయాణానికి ముందు చక్రం ఊడదీసి ఇరుసుకు పట్టించేవారు. దీన్నే తమిళులు 'వండి మై' అంటారు, కన్నడిగులు 'కీలెణ్ణె' అంటారు, మరాఠీలు 'వంగణ్' అంటారు. కోయంబత్తూరు వైపు మా ఇళ్లలో కందెన అన్న మాట తాతల నాటి వరకూ వాడుకలో ఉండేది. నాకు అది మళ్లీ గుర్తుకొచ్చింది ఒక పాత కారు కింద పడుకున్న రోజున.

ఆ కారు మా పెద్దమామగారిది. మోరిస్ మైనర్ 1000. నీలగిరి తేయాకు తోటల దొర ఒకాయన స్వదేశం వెళ్లిపోతూ అమ్మిపోయిన బండి. మూడో గేరులోంచి రెండో గేరుకు దించితే చాలు, కొరకొరమనేది. ఏడాది క్రితం ఒక మెకానిక్కు గేరుపెట్టెలో నూనె మార్చాడట. "అన్నిటికన్నా ఖరీదైనదే పోయించాను రా, అప్పట్నించే ఈ గోల" అన్నారు మామగారు. తప్పంతా ఆ ఖరీదైన నూనెలోనే ఉందని ఆయనకు తోచలేదు. తోచడానికి కారణమూ లేదు. కొత్తది, చిక్కనిది, ధర ఎక్కువది మేలైనదని మనమందరం అనుకుంటాం. గేరునూనె చరిత్ర తెలిస్తే గాని ఈ భ్రమ వదలదు.

మోటారుబండి పుట్టిన కొత్తలో గేరుపెట్టెకు ప్రత్యేకమైన నూనె అంటూ లేదు. ఆవిరియంత్రాల సిలిండర్లకు వాడే చిక్కటి నూనెనో, గ్రీజునో కూరేవారు. 1927లో వచ్చిన ఫోర్డ్ మోడల్ ఎ కారు గేరుపెట్టెకు కూడా ఆ ఆవిరియంత్రపు నూనే గతి. మన ఆముదానికీ ఈ కథలో పెద్దపీటే ఉంది. ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ అనే వ్యాపారి 1909లో మోటారు నూనెకు ఆముదం కలిపి, ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న 'కాస్టర్' అన్న పేరులోంచే 'కాస్ట్రాల్' అని పేరు పెట్టాడు. మొదటి ప్రపంచయుద్ధపు విమానాల ఇంజన్లు చాలావరకు ఆముదం తాగే ఎగిరాయి. లోహాన్ని అంటిపెట్టుకోవడంలో దానికి సాటి లేదు. కాకపోతే కాగిన కొద్దీ బంకగా మారి పేరుకుంటుంది. అందుకే రోజువారీ బండ్లలో అది నిలవలేదు.

ఆనాటి గేరు మార్చడం కూడా ఒక విద్య. క్లచ్ తొక్కి, గేరు ఊడదీసి, క్లచ్ వదిలి, ఇంజను వేగం సరిచూసుకుని, మళ్లీ క్లచ్ తొక్కి పక్క గేరు వేయాలి. పళ్ల వేగాలు కలవకపోతే పెట్టె అరుస్తుంది. మన తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు గారు 1920లో పొల్లాచి - పళని దారిలో తన మొదటి బస్సును తానే నడిపిన రోజుల్లో మామూలు పెట్టెలన్నీ ఇలాంటివే. ఆయన విద్యుత్ మోటారు గురించి అందరూ చెప్పుకుంటారు గాని, ఆ బస్సు గేరు గురించి ఎవరూ చెప్పుకోరు.

1928లో అమెరికాలోని కాడిలాక్ కార్లలో సింక్రోమెష్ వచ్చింది. ఎర్ల్ థాంప్సన్ అనే ఆయన ఆలోచన అది. గేర్ల పళ్లు కలవబోయే ముందు ఒక శంకువు మరో శంకువు మీద ఒరుసుకుని రెంటి వేగాన్నీ సమానం చేస్తుంది. తర్వాతి కాలపు పెట్టెల్లో ఈ పని ఎక్కువగా ఇత్తడి, కంచు జాతి ఉంగరాలకు అప్పజెప్పారు. చిక్కంతా ఇక్కడే ఉంది. కందెన పని ఒరిపిడిని తగ్గించడం. సింక్రోమెష్ బతికేదేమో ఒరిపిడి మీద. నూనె మరీ జారుడైతే ఉంగరం పట్టుకోవలసిన చోట పట్టుకోదు.

ఇదిలా ఉండగా బండి వెనక ఇరుసులో వేరే మార్పు జరిగింది. 1926లో ప్యాకార్డ్ కంపెనీ హైపాయిడ్ గేర్లు తెచ్చింది. కారు నేలకు దగ్గరగా కూర్చోవడానికి ఇది వీలు కల్పించింది. కాని ఈ పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడంతో ఆగవు, గట్టిగా నొక్కుకుంటూ జారతాయి. మామూలు నూనె పొర ఆ ఒత్తిడికి చిరిగిపోతుంది. అందుకని నూనెలో గంధకం కలిపారు. వేడికి అది ఉక్కుతో కలిసి పలుచని పొర కడుతుంది, ఆ పొర అరిగి పళ్లను కాపాడుతుంది. గంధకాన్ని మోయడానికి స్పెర్మ్ తిమింగలాల నూనెను కూడా ఏళ్ల తరబడి వాడారు. 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించిపోతున్న జీవుల పట్టికలో చేర్చాక ఆ దారి మూసుకుపోయింది. మన మసి - ఆముదం కందెన పక్కన పెట్టి చూస్తే, ఒక గేరు పంటి కోసం సముద్రంలో అంత పెద్ద ప్రాణిని వేటాడిన నాగరికత ఏపాటిదో నాకు అర్థం కాదు.

ఉక్కును కాపాడే ఆ గంధకమే ఇత్తడికి, కంచుకు శత్రువు కాగలదు. నూనె డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని ఉంటుంది. అయిదోది హైపాయిడ్ ఇరుసుకు ఉద్దేశించినది, అందులో ఈ మందు నాలుగో దానికంటే రమారమి రెట్టింపు. జీఎల్-5 నూనెలన్నీ ఇత్తడిని తింటాయని అనను, ఇప్పుడు తినకుండా తయారుచేసినవీ ఉన్నాయి. అయినా పాత పెట్టెలో పోసి పరీక్షించడం ఎందుకు? మోరిస్ మైనర్ కైతే అసలు గేరునూనే అక్కరలేదు. తయారుచేసినవాళ్లు దాని గేరుపెట్టెకు రాసింది 30వ నంబరు ఇంజను నూనె. 90వ నంబరు రాసింది వెనక ఇరుసుకు. 90 అంటే 30కి మూడు రెట్ల చిక్కదనమనీ కాదు. ఇంజను నూనెకూ గేరునూనెకూ కొలబద్దలు వేరు. గేరునూనెలో 90 ఇంచుమించు ఇంజను నూనెలో 40, 50 నంబర్లకు సమానం.

ఇక మేం చేసిన పని. నూనె వేడెక్కేలా బండిని ఓ గంట తిప్పి, చదును నేల మీద నిలిపాం. ముందు నూనె పోసే మూత విప్పాలి, తర్వాతే కింది బిరడా. కింది నూనె కారిపోయాక పై మూత బిగుసుకుపోయి రాలేదనుకోండి, ఖాళీ పెట్టెతో బండి అక్కడే కూర్చుంటుంది. కారిన నూనె కుళ్లిన గుడ్డు కంపు కొట్టింది. పళ్లెం ఎండలో వంచి చూస్తే అడుగున బంగారు రజనులా మెరిసింది. ఉక్కు పొడి అయితే నల్లగా ఉంటుంది, అది ఏ పెట్టెలోనైనా కాస్త ఉండేదే. ఈ పసుపు మెరుపు మాత్రం ఉంగరాల నుంచి రాలినది. మామగారు వేలితో అద్దుకుని చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ ఉంగరాలు ఇక్కడి బజారులో దొరికేవి కావు.

కొత్త నూనె 1.3 లీటర్లు పట్టింది. రంధ్రం అంచు దాకా వచ్చి కారడం మొదలవగానే ఆపేశాం. ఎక్కువ పోస్తే ముందువైపు నుంచి క్లచ్ మీదికి పాకుతుంది. ఆ సాయంత్రం అవినాశి రోడ్డు మీద మామగారే నడిపారు. మూడు నుంచి రెండుకు దించితే కొరకొర తగ్గింది గాని పోలేదు. అరిగిన ఇత్తడి తిరిగి రాదు. దీపం దగ్గర ఆగబోతూ అలవాటుగా మొదటి గేరు వేయబోయారు, పెట్టె గట్టిగా అరిచింది. ఆ బండి మొదటి గేరుకు సింక్రోమెష్ పుట్టుకతోనే లేదు. చక్రాలు పూర్తిగా ఆగాకే వేయాలి.