రెండు ఔన్సుల పప్పు

అండమాన్ సెల్యులార్ జైలు గురించి మీరు చరిత్ర పాఠాల్లో చదివే ఉంటారు. అక్కడి ఖైదీలు ఏం తినేవారో తెలుసా? 1909 నుంచి సుమారు పదేళ్లు అక్కడ శిక్ష అనుభవించిన విప్లవకారుడు బారీంద్ర కుమార్ ఘోష్ తన జ్ఞాపకాలలో ఆ లెక్క రాశారు. రోజుకు 6 ఔన్సుల బియ్యం, 5 ఔన్సుల గోధుమపిండి, 8 ఔన్సుల కూరగాయలు, 2 ఔన్సుల పప్పు. రెండు ఔన్సులంటే సుమారు 57 గ్రాములు. ఈ కొలత గుర్తుంచుకోండి.

పప్పు ఆ దీవుల తిండి కాదు. నికోబార్ వాసులు కొబ్బరి, మొగలి జాతి పండ్లు, దుంపలు, చేపలు, పందిమాంసం తినేవారు. 1858 మార్చిలో బ్రిటిష్ వారు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం నెలకొల్పాక, మన పప్పు కూడా ఓడెక్కి దీవులు చేరింది. 2024లో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు.

ఖైదీకి పప్పు పెట్టింది కండబలం కోసమే. గొడ్డుచాకిరి చేయించాలంటే మాంసకృత్తులు కావాలి; మాంసం కన్నా పప్పు చవక. 1910లో డేవిడ్ మెక్కే అనే వైద్యుడు బెంగాల్ జైళ్ల భోజనాన్ని పరిశోధించినప్పుడు కూడా అసలు ప్రశ్న అదే: తిన్న మాంసకృత్తుల్లో ఒంటికి పట్టేదెంత?

గుండె ప్రస్తావన అదే రోజుల్లో రష్యాలో మొదలైంది. 1908లో ఇగ్నటోవ్‌స్కీ కుందేళ్లకు మాంసం, గుడ్లు, పాలు పెట్టగా వాటి రక్తనాళాలు చెడిపోయాయి. నేరం జంతు మాంసకృత్తులదని ఆయన అనుకున్నారు. 1913లో అనిచ్‌కోవ్ నూనెలో కరిగించిన కొలెస్టరాల్‌ను మాత్రమే పెట్టి అదే ఫలితం రాబట్టారు. దాంతో అనుమానం కొలెస్టరాల్ మీదికి మళ్లింది.

మాంసకృత్తుల కథ అంతటితో ముగియలేదు. 1968లో ఆగ్రాకు చెందిన కె.ఎస్. మాథుర్ బృందం శనగలు తింటే రక్తంలో కొలెస్టరాల్ తగ్గుతుందని ప్రకటించింది. 1977లో ఇటలీకి చెందిన సిర్తోరీ బృందం, రోగుల ఆహారంలో జంతు మాంసకృత్తుల స్థానంలో సోయా పెట్టి కొలెస్టరాల్‌ను బాగా తగ్గించగలిగింది. 1995లో ఆండర్సన్ బృందం 38 పరిశోధనలను కలిపి లెక్కగట్టింది. రోజుకు సగటున 47 గ్రాముల సోయా మాంసకృత్తులతో చెడ్డ కొలెస్టరాల్ (ఎల్.డి.ఎల్.) దాదాపు 13 శాతం తగ్గిందని తేల్చింది.

అయితే 2006లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 22 ప్రయోగాలను పరిశీలిస్తే ఆ తగ్గుదల 3 శాతమే! మరి ఎవరిని నమ్మాలి?

చిక్కు ఎక్కడుందో చూడండి. సోయా మాంసకృత్తులు జీర్ణమైనప్పుడు వచ్చే చిన్న ముక్కలు, కాలేయం రక్తంలోని ఎల్.డి.ఎల్.ను ఎక్కువగా లాక్కునేలా చేస్తాయని ప్రయోగశాల పరిశోధనలు సూచించాయి. కానీ గింజలో మాంసకృత్తులు ఒక్కటే ఉండవు. పీచుపదార్థం పేగులోని పిత్తామ్లాలను పట్టుకుని బయటికి పంపుతుంది. కొత్త పిత్తామ్లాల తయారీకి కాలేయం కొలెస్టరాల్‌ను ఖర్చు చేస్తుంది. పైగా మాంసం, వెన్న తగ్గించి పప్పు తింటే సంతృప్త కొవ్వు కూడా తగ్గుతుంది. అందుకే మేలంతా మాంసకృత్తుల ఖాతాలో వేయలేం.

గింజను విడదీయకుండా చూస్తే? 2014లో కెనడా పరిశోధకులు శనగలు, బఠానీలు, చిక్కుళ్లు, మసూర్లపై జరిగిన 26 ప్రయోగాలను కలిపి చూశారు. రోజుకు సుమారు 130 గ్రాముల ఉడికిన గింజలు తిన్నవారిలో ఎల్.డి.ఎల్. 5 శాతం తగ్గింది. జైలువారి 57 గ్రాముల పప్పు నీళ్లు పీల్చి ఉడికితే ఇంచుమించు అంతే అవుతుంది!

అలాగని పప్పు మందు కాదు. 2011లో పోర్ట్ బ్లెయిర్‌లోని ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం వారు ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కార్ నికోబార్ పెద్దవారిలో దాదాపు సగం మందికి అధిక రక్తపోటు ఉంది. దీనికి పప్పు తినకపోవడమే కారణం అనేస్తే అది సైన్సు కాదు. ఉప్పు, బరువు, పొగాకు, మద్యం, వయసు అన్నీ లెక్కలోకి రావాలి.

2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వారి కంచంలోనూ మన కంచంలోనూ పప్పు ఉంది. దాని పక్కన ఎంత నెయ్యి, ఎంత ఊరగాయ ఉప్పు ఉన్నాయో కూడా ఈ పూట చూడండి. గుండె లెక్కలోకి కంచమంతా వస్తుంది.